యంత్రం చెప్పిన అంకె

భూకంపం రాబోయే దినాన్ని ముందుగా చెప్పగల శాస్త్రం నేటికీ లేదు. వచ్చిన కంపాన్ని క్షణాలలో గుర్తించి, దాని జన్మస్థానాన్ని తెలుపగల సాఫ్ట్‌వేర్ మాత్రం ఉన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంప లక్షణాలకు ఒక అధ్యాయాన్నే కేటాయించి, గాలులలోనూ నక్షత్రాలలోనూ సూచనలను వెదికాడు. ఈ యంత్రం నేల చెప్పేదే వింటుంది.

దాని పద్ధతి మూలంలో సరళమైనదే. భూకంపలేఖిని నేలలోని అలికిడిని ఎడతెగక నమోదు చేస్తుంది. గడచిన ఒకటి రెండు సెకన్ల కదలికను, అంతకుముందటి దీర్ఘకాలపు సగటుతో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. నిష్పత్తి హద్దు దాటితే తరంగం వచ్చినట్లు లెక్క. వివిధ కేంద్రాలకు తరంగం చేరిన వేళలను బట్టి భూకంపనాభిని గణిస్తుంది. ప్రాథమిక తరంగం భూపటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ఎక్కువ నష్టం కలిగించే ద్వితీయ తరంగం సుమారు 3.5 కిలోమీటర్ల వేగంతో వెనుక వస్తుంది. ఆ నడిమి వ్యవధిలోనే హెచ్చరిక సాధ్యం.

జపాన్ వాతావరణ సంస్థ 2007 అక్టోబరు నుండి ఈ హెచ్చరికలను ప్రజలందరికీ అందిస్తున్నది. 2018 జనవరి 5న ఇబరాకి తీరం చెంతనూ, దూరాన తొయామాలోనూ దాదాపు ఒకేమారు రెండు చిన్న కంపాలు పుట్టగా, యంత్రం వాటిని ఒకే పెద్ద భూకంపంగా భ్రమించింది. టోక్యోలో ఫోన్లు మోగాయి. నేల పెద్దగా కదలలేదు. దీనిని పరిహసించడం తగదు. బల్లక్రింద దూరినవారికి పోయినది నిమిషమే కదా!

క్షమించరానిది తక్కువ చేసి చెప్పడం. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన 3 నిమిషాలకే సునామీ హెచ్చరిక వెలువడింది. ఆ వేగం ప్రశంసనీయమే. కాని తొలి లెక్క పరిమాణాన్ని 7.9గా చూపింది, నిజానికది 9.0. అతి పెద్ద కంపాలను తక్కువగా తూచడం ఆ లెక్కల స్వభావం. ఇవాతె, ఫుకుషిమా తీరాలకు 3 మీటర్ల అలలని ప్రకటించగా, పలుచోట్ల అవి 10 మీటర్లను మించాయి. మూడు మీటర్లే గదా, గోడ అడ్డున్నదని కదలనివారున్నారు. భూకంపం వచ్చిన 28 నిమిషాలకు అంకెను సవరించారు. అప్పటికే విద్యుత్తు పోయి, ఆ సవరణ అనేకులకు అందలేదు.

హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రంలోనూ భూకంపస్థానాన్ని తొలుత సాఫ్ట్‌వేరే గణిస్తుంది. రేయింబవళ్లు విధిలో ఉండే శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తారు. ఆ మానవదృష్టిని అనవసరమైన ఆలస్యంగా భావించరాదు.

జపాన్ 2013 మార్చిలో తన పద్ధతిని మార్చుకొన్నది. పరిమాణం 8ని మించిందనే అనుమానం కలిగితే తొలి ప్రకటనలో మీటర్ల లెక్క ఉండదు; ‘బ్రహ్మాండమైన అల’ అన్న అర్థమిచ్చే మాట ఒక్కటే ఉంటుంది. లెక్క తేలిన తరువాతనే అంకె చెబుతారు.