సైకిలు తొక్కే మనిషికి అప్పుడే ఆపరేషనా?

నేను ఫిజియోథెరపిస్టుని. ధర్మవరం మగ్గాల వీధుల నుంచి, చుట్టుపక్కల చెనక్కాయ చేల నుంచి నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు ముందుగా ఎమ్మారై ఫిల్ము బల్లమీద పెడతారు. దాన్ని పక్కకు జరిపి, ఎప్పుడు నొప్పి అని అడుగుతా. "గుంటమగ్గంలో పొద్దంతా కూసున్నా ఏం కాదు సార్. ఇంటికి నడిసిపోతావుంటే కాళ్లు బరువెక్కి తిమ్మిర్లు పడతాయి. ఏ అరుగుమీదో కూసుంటే సరైపోతుంది. సైకిలైతే బస్టాండు దాంకా పోతా" అన్నాడొక నేతన్న. స్పైనల్ స్టెనోసిస్, అంటే వెన్నులో నరాల దారి ఇరుకైపోవడం, ఇలాగే మాట్లాడుతుంది. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే ఇంకా ఇరుకవుతుంది.

అలాంటివాళ్లను "కాళ్లు పడిపోతాయి" అని బెదిరించి ఆపరేషన్‌కు పంపడం నాకు నచ్చదు. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం వేలాడినా సంగతి వేరు, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మిగిలినవాళ్లకు వెల్లకిలా పడుకుని మోకాళ్లు రొమ్ముకు లాక్కోవడం, పొట్ట కండరాలు బిగించడం, నొప్పి ముదరకముందే కూర్చుంటూ నడవడం నేర్పాలి. వారాల తరబడి చేయించాలి.

అమెరికాలో ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు ఆపరేషన్, రెండో జట్టుకు వ్యాయామం ఇచ్చారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్ల తర్వాత రెండు జట్ల కదలికా ఇంచుమించు ఒకటే. వ్యాయామం జట్టులో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారన్నదీ దాచకూడదు. మనవాళ్లు ఆశపడే వెన్ను సూది సంగతీ చూడండి. 400 మందిపై చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, మత్తుమందుకు స్టెరాయిడ్ కలిపినందువల్ల ఆరు వారాలకు పెద్దగా ఒరిగిందేమీ లేదు.

మన జిల్లాకు ఇంకో చిక్కుంది. లోతు బోర్ల ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వెన్ను బంధనాలే గట్టిపడి ఎముకలా మారొచ్చు. అక్కడ నా వ్యాయామాలకు పట్టు తక్కువ. సత్యసాయి నీటి పథకం లాంటివి ఊళ్లకు తెచ్చిన మంచినీళ్లను నేను వెన్ను వైద్యం కిందే లెక్కేస్తా.

ఆపరేషన్‌కైతే ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కార్డుంది. మోకాలు ఎలా మడవాలో చూపించే మనిషి మాత్రం పల్లెలో దొరకడు. బీపీ, షుగరు మాత్రలతో ఊరికొచ్చే 104 బండిలో ఒక ఫిజియోథెరపిస్టుకు సీటివ్వండి. మాకు కావలసిన సరంజామా ఒక చాప, ఒక కుర్చీ. వచ్చే బడ్జెట్లో జీతం పద్దు పెడితే చాలు.