ఈసారి డిస్నీ వద్దులే అమ్మా!

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇంటికి వెళ్ళి చూడండి. హాల్లో గోడకో, షోకేసులోనో ఒక ఫోటో ఉంటుంది. వెనకాల నీలం శిఖరాల కోట. ముందు అమ్మమ్మగారు, జరీ అంచు చీర, కాళ్ళకి అల్లుడు కొనిపెట్టిన తెల్ల బూట్లు, తలమీద మనవరాలు బలవంతాన పెట్టిన ఎలుక చెవుల టోపీ. పక్కన ఎండకి కళ్ళు చికిలించుకుని తాతగారు. ఈ ఫోటో లేకపోతే అసలు అమెరికా వెళ్ళొచ్చినట్టే కాదన్నట్టుండేది మొన్న మొన్నటిదాకా.

ఇప్పుడు ఆ పిల్లలే ఫోన్లో "ఈసారి డిస్నీ వద్దులే అమ్మా, ఇంకెక్కడికైనా వెళ్దాం" అంటున్నారు. మన పిల్లలే కాదు, అక్కడివాళ్ళలోనూ ఈ మాట వినిపిస్తోంది. చిన్నప్పుడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వెళ్ళి, పెళ్ళయ్యాక తమ పిల్లల్ని తీసుకువెళ్ళి, ఏడాదికోసారి తిరణాలకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు ఇక చాలంటున్నారు.

మొదటినుంచీ నచ్చనివాళ్ళు వెళ్ళకపోతే అందులో విశేషం లేదు. మన వంట నచ్చని చుట్టం రాకపోతే మనకేం బాధ? కానీ ఇరవై ఏళ్ళుగా మన చేతి గుత్తివంకాయ కోసం వచ్చే చుట్టం రావడం మానేస్తే, ఎక్కడ లోటు జరిగిందా అని ఆలోచిస్తాం కదా! ఇదీ అలాంటిదే. అందుకే ఈ వారం ఆ సంగతి మీతో చెబుదామనుకున్నాను.

అసలు ఈ పార్కు ఆలోచన ఎలా పుట్టిందో తెలుసా? వాల్ట్ డిస్నీకి ఇద్దరు ఆడపిల్లలు. సెలవు రోజున వాళ్ళని లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకువెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తినేవాడట. పిల్లలకి ఆట, పెద్దవాళ్ళకి కాపలా - ఇదేం బాగుంది, ఇద్దరూ కలిసి సంతోషపడే చోటు ఒకటుండాలి అనుకున్నాడు. ఆ ఆలోచనే 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అయింది. ప్రారంభం రోజున అంతా గందరగోళమే. దొంగ టికెట్లతో జనం విరుచుకుపడ్డారు, కొత్తగా వేసిన తారు ఎండకి కరిగి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి, మంచినీళ్ళ కుళాయిలు చాలక తిట్టుకున్నారు. అయినా జనం మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆయన 1966లో పోయాడు. ఫ్లోరిడాలో ఇంకా పెద్దది, మన ఫోటోలో కోట ఉన్నది, 1971 అక్టోబర్ 1న తెరిచారు.

ఇక డబ్బు సంగతి. 1955లో పెద్దవాళ్ళకి లోపలికి వెళ్ళడానికి ఒక డాలరు. ఆటలకి విడిగా టికెట్లు. ఆ తర్వాత ఏ, బి, సి, డి, ఇ అని తరగతులవారీగా టికెట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్న ఆటలవి వాడకుండా మిగిలిపోతే, మన రైలు టికెట్లలాగా ఇంట్లో సొరుగుల్లో పడి ఉండేవట! 1982లో ఆ పద్ధతి తీసేసి, గేటు దగ్గర ఒకే టికెట్ కొంటే లోపల అన్నీ ఎక్కొచ్చు అన్నారు. 1971లో ఫ్లోరిడా పార్కు ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. పెరిగిన ధరల లెక్కలో చూస్తే అది ఈనాటి 28 డాలర్లకి సమానం. ఇప్పుడో? 2018 నుంచి ఫ్లోరిడాలో ఏ రోజుకి ఆ రోజు రేటు. 2025 క్రిస్మస్ రోజుల్లో అదే పార్కుకి ఒక్క రోజుకి 199 డాలర్లు. కాలిఫోర్నియాలో అదే ఏడాది అక్టోబరులో ప్రకటించిన పై రేటు 224.

అంత రద్దీ రోజు కాదులే, తలకి 150 అనుకుందాం. అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలు, అమ్మమ్మా, తాతయ్యా - ఆరుగురికి 900 డాలర్లు. డాలరుకి 85 రూపాయలు వేసుకున్నా 76,500 రూపాయలు. ఇది ఒక్క రోజు గేటు దాటడానికే. హోటలు, విమానం, భోజనం, పిల్లలు పేచీపెట్టే బొమ్మలు వేరే. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు, తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకి కాస్త తగ్గింపు - అంతే.

ధర ఒక్కటే అయితే పాతవాళ్ళు ఇంతగా మనసు విరుచుకోరు. ఏడాదంతా దాచుకుని వెళ్ళేవారు, ఇప్పుడూ వెళ్తారు. వాళ్ళని ఎక్కువ బాధపెట్టింది క్యూ అని నాకనిపిస్తుంది.

క్యూలో నిలబడటం మనకి కొత్త కాదు. తిరుమలలో 300 రూపాయల టికెట్ కొనుక్కున్నా గంటలు గంటలు నిలబడతాం. అక్కడైతే ఏడుకొండలవాడు కనిపిస్తాడన్న ఆశ కాళ్ళ నొప్పిని మరిపిస్తుంది. ఇక్కడ నిలబడేది మూడు నిమిషాల ఆటకి!

1999లో డిస్నీవాళ్ళు దీనికో మంచి ఉపాయం కనిపెట్టారు. ఆట దగ్గర మెషీన్లో టికెట్ పెడితే ఒక చీటీ వస్తుంది, అందులో రాసిన టైముకి వస్తే పెద్ద క్యూ తప్పుతుంది. దానికి పైసా తీసుకునేవారు కాదు. డబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకటే చీటీ. 2020 మార్చిలో కరోనా వచ్చి పార్కులు మూసేశారు. తెరిచాక ఆ చీటీ తిరిగి రాలేదు. 2021 అక్టోబరులో దాని బదులు డబ్బు పెట్టి కొనుక్కునేది వచ్చింది. ఫ్లోరిడాలో మొదట తలకి రోజుకి 15 డాలర్లు. 2024లో పేరు మార్చి, ముందే బుక్ చేసుకోమన్నారు. వాళ్ళ హోటళ్ళలో దిగినవాళ్ళకి ఏడు రోజులు ముందుగా, మిగతావాళ్ళకి మూడు రోజులు ముందుగా, సరిగ్గా పొద్దున్న ఏడింటికి. అదే ఏడాది చివర్లో అన్నింటికన్నా పై తరగతి పాస్ ఒకటి తెచ్చారు. ఫ్లోరిడాలో మనిషికి రోజుకి 129 డాలర్ల నుంచి 449 దాకా, టికెట్ ఖర్చు కాక! మామూలు క్యూలో ఏడ్చే పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ తల్లి కళ్ళముందే పక్క వరసలోవాళ్ళు చకచకా వెళ్ళిపోతుంటే ఎలా ఉంటుంది? ఒక పంక్తిలో కూర్చోబెట్టి కొందరికే నెయ్యి వడ్డించినట్టు ఉంటుంది.

మన పేజీకి సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. డిస్నీకి బాగా ఇష్టమైన ప్రదర్శన ఒకటుంది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేయించాడు, ఆయన పోయాక 1975లో ఫ్లోరిడా పార్కుకి చేరింది. మనం కుర్చీల్లో కూర్చుంటే, హాలే వేదిక చుట్టూ తిరుగుతుంది. ఒక కుటుంబం ఇల్లు కాలంతోపాటు ఎలా మారిందో నాలుగు దృశ్యాల్లో చూపిస్తారు. మొదటి దృశ్యంలో, కరెంటు రాకముందు రోజుల్లో, ఇల్లాలు తన కొత్త బట్టలుతికే యంత్రాన్ని చూసి మురిసిపోతుంది. రెండు రోజులు పట్టే ఉతుకు ఇప్పుడు అయిదు గంటల్లో అయిపోతోందని! ఆ తర్వాత కరెంటు, ఫ్రిజ్జు, డిష్‌వాషరు వరసగా వస్తాయి. దృశ్యం దృశ్యానికీ ఆవిడ పని తేలికవుతుంది.

చూడటానికి వచ్చిన ఇల్లాలి పని మాత్రం ఏటికేడాది పెరుగుతూ వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని భోంచేసే హోటలు కావాలంటే అరవై రోజుల ముందు బుక్ చేసుకోవాలి. ఏ రోజు ఏ పార్కు, ఏ ఆట ఏ గంటకి, పిల్లాడి ఎత్తు దానికి సరిపోతుందా లేదా, ఇవన్నీ కాగితం మీద రాసుకోవాలి. పొద్దున్న ఏడింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పార్కులోకి వెళ్ళాక కూడా కళ్ళు ఫోన్లోనే, ఛార్జింగ్ అయిపోతే ప్రాణం పోయినట్టే. ఈ పనంతా చాలా ఇళ్ళలో ఎవరిమీద పడుతుందో నేను చెప్పాలా? మగవాళ్ళు చేసే ఇళ్ళూ ఉన్నాయి లెండి, లేవనను. పూర్వం తెల్లారి లేచి గేటు దగ్గరికి వెళ్ళి, ఏది ఖాళీగా కనిపిస్తే అది ఎక్కి, మధ్యాహ్నం నీడన కూలబడి ఐస్‌క్రీమ్ తిన్నవాళ్ళకి, ఇది సెలవులా కాక పెళ్ళిపనిలా కనిపిస్తోందంటే ఆశ్చర్యమేముంది!

నీడన కూలబడటం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఫ్లోరిడా పార్కు మధ్యలో ఒక నది లాంటిది తవ్వి, దాని మధ్య ఒక దీవి కట్టారు. 1973 నుంచీ బల్లకట్టు మీద పిల్లలు అక్కడికి దాటి వెళ్ళి గుహల్లో, వంతెనల మీద పరుగులు పెట్టేవారు. ఆ నీళ్ళలో పాతకాలపు పెద్ద పడవ ఒకటి తిరిగేది. హడావుడి లేదు, కాస్త కాళ్ళు చాపుకోవచ్చు. 2025 జూలై 6 దానికి ఆఖరి రోజు. ఆ చోట కార్ల సినిమా పేరుతో కొత్త ఆటలు కట్టాలని నిర్ణయించారు. కొత్తవి రావద్దని ఎవరూ అనరు. కానీ ఊళ్ళో రావిచెట్టు కొట్టేసి షాపులు కడితే ఊరివాళ్ళు ఏమనుకుంటారో, ఆ పాతవాళ్ళూ అదే అనుకున్నారు.

కంపెనీకి ఈ గొణుగుడు వినపడలేదని కాదు. 2023లో దాని అధిపతి బాబ్ ఐగర్, లాభాల ఉత్సాహంలో కొన్ని ధరల విషయంలో కాస్త దూకుడుగా వెళ్ళామేమో అని స్వయంగా ఒప్పుకున్నాడు. తమ హోటళ్ళలో రాత్రిపూట కారు పెట్టుకోవడానికి తీసుకునే డబ్బు ఆ ఏడాది ఎత్తేశారు. అయితే విమానాశ్రయం నుంచి హోటలుకి ఉచితంగా తీసుకువెళ్ళే బస్సు 2022 మొదట్లో పోయింది, అది మళ్ళీ రాలేదు. అలాగని పార్కులు బోసిపోయాయా అంటే లేదు. పాతవాళ్ళు కొందరు మానేసినా మొదటిసారి వచ్చేవాళ్ళు ఉంటూనే ఉన్నారు. వాళ్ళకి పాత రోజులు తెలియవు కాబట్టి పోల్చుకోరు. అందుకే రేటు దిగదు.

మరి మీరేం చెయ్యాలి? ముందు ఒక విషయం మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. చాలా ఇళ్ళలో జరిగేది ఇదీ: "అమ్మావాళ్ళు ఇంతదూరం వచ్చారు, డిస్నీకి తీసుకువెళ్ళకపోతే ఏమనుకుంటారో" అని పిల్లలు. "మనవలు సరదాపడుతున్నారు, కాళ్ళనొప్పులని చెబితే వాళ్ళ సరదా పాడవుతుంది" అని మనం. ఎవరికీ అంత ఇష్టం లేని పనికి రోజుకి 76 వేలు! మీకు వెళ్ళాలని ఉంటే ఉందని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి. అమ్మాయిని వాళ్ళ నలుగురే వెళ్ళిరమ్మని, మీరిద్దరూ ఇంట్లో ఉంటామన్నా తప్పులేదు. లేదా ఫ్లోరిడాలోనే డిస్నీ స్ప్రింగ్స్ అని వాళ్ళ బజారుంది, దానికి ప్రవేశ రుసుము లేదు, కారు పెట్టుకోవడానికీ డబ్బు తీసుకోరు. ఒక సాయంత్రం దీపాలు చూస్తూ నాలుగు అడుగులు వేసి రావచ్చు.

వెళ్ళాలనే అనుకుంటే, ఒక్క రోజు, ఒక్క పార్కు చాలు. నాలుగు పార్కులూ చుట్టేద్దామని పెట్టుకోకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ ఉక్క మన విజయవాడ ఎండాకాలానికి తీసిపోదు, పైగా మధ్యాహ్నం ఉరుములతో వాన. స్కూళ్ళు తెరిచాక సెప్టెంబరులో జనం తగ్గుతారు, రేటూ తగ్గుతుంది, కాకపోతే తుఫానుల కాలం. రోజంతా తిరిగితే పది పన్నెండు కిలోమీటర్ల నడక అవుతుంది, కాబట్టి కొత్త బూట్లు వేసుకోకండి, పదిహేను రోజులు వాడి మెత్తబడ్డవి వేసుకోండి. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చక్రాల కుర్చీలు అద్దెకిస్తారు, సిగ్గుపడవద్దు. అంతా తిరగాలని లేదు కూడా. రంగులరాట్నం దగ్గర బెంచీ చూసుకుని కూర్చుని, తిరిగి వచ్చినప్పుడల్లా మనవరాలికి చెయ్యి ఊపినా టికెట్ డబ్బు కొంత వసూలైనట్టే. ఆ రాట్నం 1917లో తయారైన పాత చెక్క గుర్రాలది, చూడముచ్చటగా ఉంటుంది.

లోపల తినుబండారాలు చాలా ఖరీదు, శాకాహారులకి వెతుకులాట కూడా. అయితే ఇంటినుంచి తినేవి తీసుకువెళ్ళనిస్తారు, వేడిచెయ్యాల్సినవి కాకూడదు, గాజు సీసాలు ఉండకూడదు. చల్లటి మంచినీళ్ళు కౌంటర్లలో అడిగితే ఊరికే గ్లాసుతో ఇస్తారు, సీసా కొనక్కర్లేదు. చింతపండు పులిహోర కాస్త పులుపు, నూనె ఎక్కువ వేసి కలిపి, పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి. పిల్లలకి చపాతీకి నెయ్యీ పంచదారా రాసి చుట్టి కాగితంలో పెడితే నడుస్తూ తినేస్తారు. చేగోడీలు, జంతికలు సరేసరి. పెరుగన్నం మాత్రం వద్దు, ఆ ఉక్కకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది.