ఊరి పేరు ఎవరి నోట వినాలి?

కిందటి నెల మా అన్నయ్య కూతురు ఇంగ్లండు నుంచి ఫోను చేసింది. ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లి నాలుగు నెలలైంది. "లీసెస్టర్‌లో చలి ఎలా ఉందమ్మా?" అన్నాను.

"లెస్టర్ బాబాయ్. అంతే, రెండు ముక్కలు. దిగిన రోజు నేనూ నీలాగే అని బస్సు టికెట్ అడిగితే, కౌంటర్లో ఆవిడ రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది" అంది.

మర్నాడు పేపర్లో ఫుట్‌బాల్ వార్త చూశాను. అక్కడా లీసెస్టరే. వూస్టర్ మన పత్రికల్లో వోర్సెస్టర్ అవుతుంది, గ్లాస్టర్ గ్లౌసెస్టర్ అవుతుంది. పలికింది పలికినట్టు రాయగల లిపి మనది. దాన్ని చేతిలో పెట్టుకుని ఇంగ్లిషు అక్షరాలను కూడబలుక్కుంటూ రాయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ అదనపు అక్షరాలు దండగ అని మాత్రం అనను. వాటిలో ఆ దేశం పాత చరిత్ర దాగుంది. రోమన్ సైన్యం విడిదిని లాటిన్‌లో 'కాస్ట్రా' అనేవారు. అయిదో శతాబ్దం మొదట్లో రోమన్లు వెళ్లిపోయాక, ఆ పాత గోడలున్న చోట్లకు శాక్సన్లు ఆ మాటనే తగిలించారు. అది మాంచెస్టర్‌లో 'చెస్టర్'గా మిగిలింది, లాంకాస్టర్‌లో 'కాస్టర్' అయింది, 1066 తర్వాత వచ్చిన నార్మన్ల ప్రభావంతో కొన్నిచోట్ల 'సెస్టర్'గా మెత్తబడింది. మాట మొదట్లో గట్టిగా ఒత్తి, తర్వాతి అక్షరాలను తేల్చేయడం ఇంగ్లిషు నడక. లెస్టర్‌లో నడిమి ముక్క అలా వందల ఏళ్లు నోళ్లలో నలిగి కరిగిపోయింది. రాతలో ఉండిపోయింది.

ఇలా ఎవరెవరు వచ్చి పోయారో ఊళ్ల పేర్లే చెబుతాయి. డార్బీకి శాక్సన్లు పెట్టిన పేరు నార్త్‌వర్దీ. డేన్లు వచ్చి దాన్ని జింకల ఊరు చేశారు. వాళ్ల భాషలో 'బీ' అంటే ఊరు, మనకు పల్లె, పాడు ఉన్నట్టు. 'ఏవన్' అన్నది అంతకుముందున్న బ్రిటన్ల మాట, అర్థం నది అనే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మామూలు మాటనే పేరుగా తీసుకున్నారు. అందుకే ఇంగ్లండులో ఏవన్ నదులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. నాటింగ్‌హామ్ పేరు 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ముందొక 'స' కారంతో ఉంది. స్నాట్ అనే పెద్దమనిషి తాలూకు జనం ఊరని దాని అర్థం. నార్మన్ల నోరు తిరగక ఆ 'స' రాలిపోయింది. ఇలాంటి సంగతులు వెతికి తీయడానికి 1923లో ఒక సంఘమే పెట్టుకుని, జిల్లా తర్వాత జిల్లాగా సంపుటాలు వేస్తూ వస్తున్నారు. ఆ ఓపిక చూస్తే నాకు అసూయ.

నన్ను కలవరపెట్టేది డావెంట్రీ కథ. నార్తాంప్టన్‌షైర్‌లోని ఆ ఊరిని స్థానికులు తరతరాలుగా 'డెయిన్‌ట్రీ' అనేవారు. షేక్‌స్పియర్ నాటకంలోనూ డెయిన్‌ట్రీయే. 1925లో అక్కడ బీబీసీ పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టింది. 1932 నుంచి సామ్రాజ్యం నలుమూలలకూ ప్రసారాలు అక్కడి నుంచే వెళ్లాయి. రేడియోలో ఆ పేరు అక్షరాల లెక్కన 'డావెంట్రీ' అనే లోకానికి వినిపించింది. ఇప్పుడు ఊళ్లోవాళ్లూ అదే అంటున్నారు. సైరన్‌సెస్టర్‌దీ అదే గతి. ఒకప్పుడు అది 'సిసిస్టర్'. ఇక్కడ రాత గెలిచి నోరు ఓడిపోయింది. పేరు బతికే ఉంది గానీ, తాతలు పిలిచిన పిలుపు పోయింది.

ఆ నొప్పి మనకు తెలియనిది కాదు. కడపను తెల్లవాళ్లు తమకు వినిపించినట్టు రాసుకుంటే, ఆ స్పెల్లింగు చూసి బయటివాళ్లు 'కుడ్డపా' అన్నారు. అది సర్కారు కాగితాల్లో దిద్దుబాటయ్యేసరికి 2005 వచ్చింది. మన ఊరికి అంత పట్టుబట్టినవాళ్లం, వాళ్ల ఊరి పేరు వాళ్లనే అడిగి రాయడానికి ఒక్క నిమిషం వెచ్చించలేమా? పత్రికల డెస్కుల్లో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఇదొక్కటే. లెస్టర్ అనే రాయండి. వూస్టర్, గ్లాస్టర్, నారిచ్, వారిక్ అనే రాయండి. మొదట్లో పాఠకులు తడబడితే తడబడనివ్వండి. నెల తిరిగేసరికి అలవాటవుతుంది.

మొన్న ఆదివారం పిల్ల నార్ఫక్ సముద్రతీరానికి వెళ్తున్నానంది. ఊరి పేరు అక్షరాలను బట్టి 'హాపిస్‌బర్గ్' అని చదివి, "ఇదెలా అనాలి బాబాయ్?" అని అడిగింది. "బోర్డు చూసి అనకు తల్లీ, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లను అడుగు" అన్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోనులో మెసేజ్ వచ్చింది. తెలుగులో ఒక్కటే మాట: "హేజ్‌బ్రా."