కొత్తవారిని ఆపితే చెత్త ఆగుతుందా?

వానలు ముదిరితే పసుపు రైతుకు దుంపకుళ్లు బెంగ పట్టుకుంటుంది. నిజామాబాద్ జిల్లా దొంకేశ్వర్ అయినా, ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెలైనా అంతే. మడిలో నీళ్లు నిలిచాయంటే ఆకుల అంచులు పచ్చబడి ఎండుతాయి, కాండం మొదలు మెత్తబడుతుంది. నాలుగు మొక్కల్లో ఉండగా పట్టుకుంటే పంట దక్కుతుంది, లేదంటే చేనంతా పాకుతుంది. ఇదివరకు మొక్క పీకి సంచిలో వేసుకుని మందుల దుకాణానికి పరిగెత్తేవారు. ఇప్పుడు ఫొటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు, తెలిసినవారు ఎవరో ఒకరు జవాబు చెబుతారు.

ఆ ఫొటో పక్కనే 'పది నిమిషాల్లో అప్పు', 'ఇంట్లో కూర్చుని వేలు సంపాదించండి' అనే పిలుపులూ వచ్చి పడుతుంటాయి. వాటిని చూసి నవ్వి ఊరుకోవచ్చు. అసలు ప్రమాదం పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలుతోనే. డబ్బులు పడ్డాయో లేదో చూసుకుందామని దాన్ని ఫోన్లో ఎక్కించుకుంటే బ్యాంకు పంపే ఓటీపీలు దొంగ కంటపడతాయి. ఖాతా ఖాళీ! పోలీసులు దీనిపై పదేపదే హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఇలాంటిది ఒక్కటి వచ్చిందంటే గ్రూపు అడ్మిన్‌కు (పాపం, జీతం లేని కొలువు!) మొదట తట్టేది తాళం వెయ్యడమే. అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేస్తారు. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2018 నుంచీ ఉంది. లేదా కొత్తగా చేరతామన్నవారిని రోజుల తరబడి పెండింగులో పెడతారు. చెత్త తగ్గుతుంది, నిజమే. దాంతోపాటే మొదటిసారి కౌలుకు పసుపు వేసిన కుర్రాడి ప్రశ్న కూడా ఆగిపోతుంది. దుంపకుళ్లు అడ్మిన్ అనుమతి కోసం ఆగదు కదా!

పైగా ఆ ఫైలు తెచ్చేది కొత్తవారేనన్న నమ్మకం ఏమిటి? ఒకరి ఫోను దొంగల చేతికి చిక్కితే వారి పేరుతోనే, వారున్న గ్రూపులకు అది చేరుతుంది. చిన్నప్పటి నుంచీ తెలిసిన పెద్దనాయన నంబరు నుంచి వస్తే ఎవరు అనుమానిస్తారు?

ఈ చిక్కును తెలుగు వికీపీడియా వేరేలా విప్పుకుంది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఖాతా లేనివారు కూడా వ్యాసాలు దిద్దవచ్చు. అక్షరదోషం సరిచేసేవారిని ఎవరూ ఏమీ అడగరు. కొత్తవారు రాసినదాంట్లో బయటి వెబ్‌సైటు లింకు ఉంటే మాత్రం వంకర టింకర అక్షరాలు చూపించి అవేమిటో టైపు చెయ్యమంటుంది. ప్రకటనలు గుప్పించే యంత్రాలకు కావలసింది ఆ లింకే కాబట్టి అడ్డు అక్కడే పెట్టారు. ఖాతా తెరిచి నాలుగు రోజులు గడిస్తే ఆ పరీక్ష కూడా ఉండదు. ప్రతి మార్పూ 'ఇటీవలి మార్పులు' పేజీలో అందరికీ కనిపిస్తుంది. చెత్త కనబడితే చూసినవారే రద్దు చేసేయవచ్చు. కష్టపడి అతికించిన ప్రకటన క్షణంలో పోతుందన్నమాట. మరోపక్క కొత్త సభ్యుల చర్చా పేజీలో స్వాగతం పలికి, ఎలా రాయాలో దారి చూపిస్తారు.

పసుపు గ్రూపుకూ ఈ పద్ధతి నప్పుతుంది. మాటకూ ఫొటోకూ అడ్డు వద్దు. లింకులు, ఫైళ్లు మాత్రం ముందుగా అడ్మిన్‌కు చూపించాకే రావాలి, పంపేవారు ఎంత పాతవారైనా సరే. ఎవరు పెట్టిన సందేశాన్నైనా అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు వాట్సాప్ 2022లో అడ్మిన్లకు ఇచ్చింది. కాకపోతే ఒక్కరే అడ్మిన్ అయితే, ఆయన పొలంలో ఉన్నంతసేపూ ఆ ఫైలు గ్రూపులోనే ఉంటుంది. నలుగురైదుగురు ఉండాలి. పగలు ఫోను చూసే వీలున్న కాలేజీ అమ్మాయో, చదువుకున్న కోడలో అందులో ఒకరైతే మరీ మంచిది. చేరేవారిని 'ఏ ఊరు, ఏం పంట?' అని అడిగితే చాలు. ఆధార్ కార్డు ఫొటో అడగడం మాత్రం అస్సలు కూడదు. అది ఇంకో దొంగకు దారి చూపించడమే.

ఒకవేళ ఎవరైనా ఆ ఫైలు ఎక్కించేసుకున్నారే అనుకోండి. వెంటనే ఆ ఫోనుకు నెట్ ఆపాలి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో తిడతారని దాచుకోకుండా, పక్కవారి ఫోను నుంచైనా గ్రూపులో చెప్పించాలి. ఆ పేరుతో అదే ఫైలు అప్పటికే ఇంకో పది గ్రూపులకు వెళ్లి ఉండవచ్చు.