కాచి చల్లార్చితే సరిపోదు

చంటిబిడ్డతో విదేశానికి బయలుదేరే కుటుంబం ఎక్కువగా బెంగపడేది నీళ్ల గురించే. ఎక్కడ ఏ నీళ్లు దొరుకుతాయో, బిడ్డకు పడతాయో లేదోనని ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు సీసాలకు పడతారు, దారిలో సీలు తీయని మినరల్ వాటర్ కొంటారు. పాలపొడి డబ్బా మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. కంపెనీ సీలు, గడువు తేదీ, మూత కింద రేకు చూసి లోపలిది పూర్తిగా శుద్ధమైన వస్తువని నమ్మేస్తాం. ఆ నమ్మకం సరైనది కాదు. ప్రయాణంలో డబ్బా పాలు పట్టే వాళ్ల జాగ్రత్త నీళ్ల దగ్గరే ఆగిపోకుండా పొడి దాకా రావాలి. ఆ పొడిలోని క్రిములను చంపేది నీళ్ల వేడి. కాచిన నీళ్లను పూర్తిగా చల్లార్చి కలిపితే నీళ్లలోని క్రిములు పోయి ఉంటాయి కానీ పొడిలోనివి బతికే ఉంటాయి.

పాలపొడి తయారీలో వేడి చేసే దశలు ఉన్నా, ఆరిన తర్వాత విటమిన్ల వంటివి కలిపేటప్పుడు, డబ్బాలకు నింపేటప్పుడు క్రిములు చేరే అవకాశం ఉంది. నేటి పరిజ్ఞానంతో పూర్తిగా క్రిమిరహితమైన పొడిని తయారుచేయడం సాధ్యం కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. అవి ముఖ్యంగా హెచ్చరించేది రెండు బ్యాక్టీరియాల గురించి: సాల్మొనెల్లా, క్రోనోబ్యాక్టర్. రెండోది పొడి వాతావరణంలో నెలల తరబడి బతికి ఉండి, తడి, గోరువెచ్చదనం దొరకగానే వేగంగా పెరుగుతుంది. అందుకే పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. కలిపాక సీసాను చన్నీళ్ల ధార కింద పెట్టి తొందరగా చల్లార్చి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసుకుని పట్టాలి. కలిపిన పాలను బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు.

ఇది కేవలం ప్రయోగశాల భయమా? ఫ్రాన్స్‌లో లాక్టాలిస్ సంస్థకు చెందిన క్రాన్ కర్మాగారం పాలపొడి తాగి 2017లో పసిపిల్లలు సాల్మొనెల్లా బారిన పడ్డారు. వెనక్కి పిలిచిన డబ్బాలు 83 దేశాల్లో 1.2 కోట్లని 2018 జనవరిలో ఆ సంస్థ అధిపతే చెప్పాడు. తీరా పరీక్షిస్తే ఆ సాల్మొనెల్లా 2005లో అదే కర్మాగారం నుంచి వచ్చిన రకమేనని తేలింది. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లోని అబాట్ కర్మాగారంలో క్రోనోబ్యాక్టర్ కనిపించి ఉత్పత్తి ఆగింది, దేశమంతా పాలపొడికి కటకట పడింది. అక్కడ దొరికిన రకాలకూ జబ్బుపడిన బిడ్డల్లోని రకాలకూ జన్యు పరీక్షల్లో పొంతన కుదరలేదని కూడా చెప్పాలి. అయితే దానివల్ల మనకు ధైర్యం రాకూడదు. ఈ బ్యాక్టీరియా ఇళ్లలోనూ ఉంటుంది, మూత తీసిన డబ్బాలోకి తడి చెంచా ద్వారానో వంటగట్టు మీద నుంచో చేరగలదు. హోటల్ గదిలో సింకు పక్కన మూత తీసి పెట్టిన డబ్బాకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఎందరో పిల్లలు గోరువెచ్చని నీళ్లతో కలిపిన పాలు తాగే పెరిగారు కదా అన్న ప్రశ్న సహజం. నిజమే, ఈ జబ్బు అరుదు. కానీ అది వచ్చేది ఎక్కువగా రెండు నెలల్లోపు బిడ్డలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు. మెదడు పొరల వాపుగా మారితే పది మందిలో నలుగురి దాకా చనిపోతారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. అంత అరుదైనదీ అంత ప్రాణాంతకమైనదీ అయినప్పుడు, కాసేపు ఆగి వేడి నీళ్లు సంపాదించడం పెద్ద కష్టం కాదు. వేడి వల్ల విటమిన్ సి వంటివి కొంత తగ్గుతాయి, ప్రోబయోటిక్స్ చేర్చిన పొడి అయితే అవి చచ్చిపోతాయి. అది నష్టమే కానీ ప్రాణానికి సాటి వచ్చే నష్టం కాదు. వైద్యులు రాసిచ్చిన ప్రత్యేక పొడులకు మాత్రం వాళ్ల సలహానే పాటించాలి. అమెరికా సంస్థ ఈ వేడి నియమాన్ని ముఖ్యంగా ప్రమాదం ఎక్కువున్న బిడ్డలకే చెబుతోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ వర్తింపజేస్తోంది. ప్రయాణంలో నేను రెండో దాని వైపే. ఇంట్లో కలిపిన వెంటనే తాగించగలం. దారిలో విమానం ఆలస్యమవుతుంది, బిడ్డ నిద్రపోతుంది, సీసా ఒళ్లోనే ఉండిపోతుంది. బతికి ఉన్న క్రిమికి కావలసిన సమయమంతా మనమే ఇస్తాం.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో అమెరికా చేరడానికి ఒక రోజు పడుతుంది. బయలుదేరే ముందే నాలుగైదు సీసాలు కలిపి సంచిలో పెట్టుకునే అలవాటు అన్నిటికంటే ప్రమాదకరం. కొలిచిన పొడిని పొడి డబ్బాల్లో విడివిడిగా, కడిగి మరిగించిన ఖాళీ సీసాలు మూతలతో, వేడి నీళ్లకు మంచి ఫ్లాస్కు ఒకటి పట్టుకెళితే చాలు. నిండా పోసి బిగించిన ఫ్లాస్కులో మరిగిన నీళ్లు కొన్ని గంటల పాటు 70 డిగ్రీలకు పైనే ఉంటాయి. ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి బిడ్డ పాలకు అమెరికాలోనూ ఐరోపాలోనూ మినహాయింపు ఉంది. ఇబ్బంది ఎందుకనుకుంటే ఖాళీ ఫ్లాస్కుతో తనిఖీ దాటి, లోపల కాఫీ దుకాణంలో అప్పుడే మరిగిన నీళ్లు పోయించుకోవచ్చు. ఎగిరే విమానంలో గాలి పీడనం తక్కువ కాబట్టి నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అది మన అవసరానికి సరిపోయే వేడే. కానీ అవి ట్యాంకు నీళ్లు, మన దాకా వచ్చేసరికి ఎంత చల్లబడతాయో చెప్పలేం. సొంత ఫ్లాస్కే మేలు.

ఇంతకంటే తక్కువగా వినిపించేది, ఇంతే ప్రమాదం ఉన్నది ఇంకొకటి ఉంది: కొలత. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ సాధారణంగా డబ్బాలోని స్కూపు 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒకటి. అమెరికా డబ్బాల్లో ఎక్కువగా 60 మిల్లీలీటర్లకు ఒకటి, అంటే ఆ స్కూపు దాదాపు రెట్టింపు పొడి పట్టేది. తెచ్చిన డబ్బా అయిపోయి అక్కడ కొత్తది కొన్నాక, అమ్మమ్మో నాయనమ్మో చేతి అలవాటుగా 30కి ఒకటి చొప్పున వేస్తే పాలు రెట్టింపు చిక్కనవుతాయి. పసిబిడ్డ మూత్రపిండాలు అంత లవణాన్ని తట్టుకోలేవు. ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. కొత్త స్కూపుతో పాత లెక్క వేస్తే జరిగేది ఇది, పాత స్కూపుతో కొత్త లెక్క వేస్తే బిడ్డకు ఆకలి తీరదు. డబ్బా మారితే స్కూపూ మారాలి, పాతది ఆ రోజే పారేయాలి.

నీళ్ల విషయంలో మన భయం కూడా పూర్తిగా తప్పు కాదు, కాకపోతే కాచడం అన్నిటికీ మందు కాదు. అమెరికా ఇళ్లలో వేడి నీళ్ల కుళాయి చేతికందేలా ఉంటుంది. ఆ గొట్టాల్లో సీసం కరిగి రావచ్చు కాబట్టి బిడ్డ పాలకు చన్నీళ్ల కుళాయి నీళ్లే పట్టి కాచాలని అక్కడి పర్యావరణ సంస్థ సలహా. మినరల్ వాటర్ కూడా క్రిమిరహితం కాదు, అదీ కాచాల్సిందే. పైగా లీటరుకు సోడియం 200 మిల్లీగ్రాములు, సల్ఫేటు 250 మిల్లీగ్రాములు దాటిన సీసా బిడ్డకు వద్దంటుంది బ్రిటన్ ఆరోగ్య సేవ. విదేశాల నుంచి బిడ్డను నల్లగొండకో ప్రకాశం జిల్లాకో తెచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఫ్లోరైడు. కాచితే అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

డబ్బా పాల గురించి ఇంత వివరంగా రాయడం వాటికి ప్రచారం చేయడమేనని తల్లిపాల కోసం పాటుపడేవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. తల్లిపాలే ఉత్తమమన్నది నిర్వివాదం, ప్రయాణంలో అంతకంటే సురక్షితమైన ఆహారం లేదు. పాలపొడి ప్రచారాన్ని అరికట్టే 1992 చట్టాన్ని ఒక్క అక్షరం కూడా సడలించకూడదు. కానీ తల్లికి పాలు రాని ఇళ్లు, తల్లి లేని బిడ్డలు, తల్లి జబ్బుపడి మందుల మీద ఉన్న ఇళ్లు ఉన్నాయి. పాలపొడి అమ్మకాలపై ప్రపంచ దేశాలు 1981లో ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి లక్ష్యాల్లోనే, అవసరమైన చోట వాటిని సరైన సమాచారంతో, సరైన పద్ధతిలో వాడేలా చూడటమూ ఉంది. సమాచారం దాచితే నష్టపోయేది కంపెనీ కాదు, బిడ్డ.

మన మార్కెట్లోని చాలా డబ్బాల మీద కాచిన నీళ్లను గోరువెచ్చగా చల్లార్చి కలపమనే ఉంటుంది. పొడి క్రిమిరహితం కాదన్న మాట, 70 డిగ్రీలన్న అంకె తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ నిర్దేశించాలి. శంషాబాద్, గన్నవరం, విశాఖ విమానాశ్రయాలు తమ శిశు సంరక్షణ గదుల్లో తాగే నీటి కుళాయి పక్కన మరిగే నీటి యంత్రం ఒకటి పెట్టి, దాని ఉష్ణోగ్రత కనిపించేలా అమర్చాలి. కాఫీకి వేడి నీళ్లు ఇవ్వగలిగిన చోట బిడ్డ పాలకు ఇవ్వలేకపోవడానికి కారణం లేదు.