నియంతలు సంతకాలతోనే వస్తారు

మా కల్లావి వైపు సర్కారు తుమ్మ తెలియనివారు ఉండరు. వంటచెరకుకు పనికొస్తుందని ఒకప్పుడు ప్రభుత్వమే విత్తనం చల్లింది. కాయ తియ్యగా ఉందని తిన్న మన మేకలే ఊరూరా మోశాయి. ఇప్పుడు పీకుదామంటే వేరు అందదు. నియంతృత్వమూ ఇంతే. అది తుపాకులతో, ట్యాంకులతో వస్తుందని మనం ఎదురు చూస్తుంటాం. అదేమో ఓట్లతో, సంతకాలతో, మన చేతుల మీదుగానే వస్తుంది.

జర్మనీ దాకా పోనక్కర లేదు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకంతో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్ష నాయకులు జైలుకు వెళ్లారు, పత్రికలు సెన్సారు కిందికి వెళ్లాయి. ప్రధాని ఎన్నిక జోలికి కోర్టులు రాకుండా పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించింది. అన్యాయంగా నిర్బంధించినా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. తర్వాత ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. గమనించండి, ప్రతి అడుగుకూ ముద్ర ఉంది, సంతకం ఉంది.

ఇదంతా ఢిల్లీ సంగతి అంటారా? 1976 జనవరి 31న తమిళనాట కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారు. మద్రాసు జైల్లో లాఠీ దెబ్బలు తిన్న ఎంపీ చిట్టిబాబు 1977 జనవరిలో కన్నుమూశారు. ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీసింది కూడా ఆ చీకటి రోజుల్లోనే.

మరి మనం ఏం చేశాం? 1977 మార్చిలో ఉత్తరాది ఓటరు ఇందిరను రాయ్‌బరేలీలోనే ఓడించాడు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గట్టెక్కారు. తమిళనాటా 39లో 34 ఆమె కూటమివే. బలవంతపు ఆపరేషన్ల దెబ్బ ఉత్తరాదికి తగిలినంతగా మనకు తగల్లేదు. రైళ్లు టైముకు వస్తున్నాయి కదా అని సరిపెట్టుకున్నాం. మన వీపున పడితేనే దెబ్బా? పొరుగువాడి వీపున పడితే వార్తా?

"పై అధికారులకు లోబడమని రాసి ఉంది కదా" అనే సహోదరులకు ఒక మాట. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము చెప్పిన కథ కూడా చదవండి. చెట్లు రాజు కోసం వెతికాయి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష ఎవరి పని వారిదని తప్పుకున్నాయి. చివరికి ముండ్లపొద నా నీడకు రండంది. మంచివాళ్లు తప్పుకున్న చోటే ముల్లు గద్దెనెక్కుతుంది. ఎమర్జెన్సీలో ఎం.ఎం. థామస్ అలా తప్పుకోలేదు, కలం పట్టి విమర్శించారు. ఆయనా మన విశ్వాసే.

ఈ రోజు కూడా విచారణ లేకుండా ఎవరినైనా లోపల వేస్తే మన నోట వచ్చే మొదటి మాట "వాడేం చేశాడో" అనే. ఆ మాటే విత్తనం. పాలకుల కోసం ప్రార్థన చేద్దాం, తప్పు లేదు. కానీ "ఆమేన్" అన్నాక లేచి గ్రామసభకు వెళ్దాం, లెక్క అడుగుదాం. మన పార్టీ కాని మనిషిని పట్టుకెళ్లినా ఏ నేరానికని అడుగుదాం. తుమ్మను మొలకలోనే పీకాలి. మానైతే గొడ్డలికి కూడా లొంగదు.