పదిహేను కేసులు

1998 ఆగస్టులో అమెరికా రోటాషీల్డ్‌కు అనుమతి ఇచ్చింది. పసిపిల్లలకు ప్రాణాంతకమయ్యే రోటావైరస్ విరేచనాలను ఆపే టీకా అది. మరుసటి జులై నాటికి, టీకా తర్వాతి ఇబ్బందులను నమోదు చేసే వేయర్స్ వ్యవస్థకు పదిహేను కేసులు చేరాయి. ఆ పిల్లల పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోతోంది. లక్షల డోసుల్లో పదిహేనే! అయినా టీకా ఆపి, విడిగా అధ్యయనాలు చేశారు. సుమారు పదివేల మందిలో ఒకరికి ముప్పని తేలింది. అక్టోబరుకల్లా కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది.

వేయర్స్‌కు డాక్టర్లే కాదు, తల్లిదండ్రులూ రాయొచ్చు. టీకా తర్వాత జరిగిందల్లా టీకా వల్లే కాదు కదా. ఆ అంకెల్ని కూడి ‘టీకాతో ఇంతమంది పోయారు’ అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బిడ్డకు బాలేదన్న తల్లి మాటను రాసుకోకుండానే కొట్టిపారేసేవాళ్లను చూసినా అంతే.

హైదరాబాద్‌లో తయారయ్యే రోటావైరస్ టీకా రోటావాక్‌ను 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పేగు సమస్య మీద ఆసుపత్రుల్లో ప్రత్యేక నిఘా కూడా పెట్టారు. ఏఎన్‌ఎం చెప్పిన కేసు పీహెచ్‌సీ, జిల్లా, రాష్ట్రం దాటి ఢిల్లీకి ఎలా చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ సంచిక ముఖచిత్ర కథనంలో చదవండి.